ఆట మీరు వేయండి, తీర్పు మేము చెబుతాం

బెంగళూరులోని మల్టీప్లెక్స్ యాజమాన్యాలకు, వాటి ప్రోగ్రామింగ్ విభాగాలకు, కర్ణాటకలో తెలుగు చిత్రాలు విడుదల చేసే పంపిణీదారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఈ నగరంలో తెలుగు సినిమాకు మీరు చోటు ఇవ్వడం లేదని ఎవరూ అనలేరు. పెద్ద హీరో సినిమా వస్తే మారతహళ్ళి మొదలు యలహంక వరకు పొద్దు పొడవకముందే హాళ్ళ ముందు సందడి మొదలవుతుంది. అందుకు కృతజ్ఞతలు. ఈ లేఖ ఆ సినిమాల గురించి కాదు.

ఈ మధ్య ఒక చిన్న తెలుగు చిత్రం శుక్రవారం ఇక్కడ విడుదలైంది. మంగళవారానికి ఊళ్ళో ఒక్క తెర మీద కూడా లేదు. మీలో ఒకరి ప్రాంతీయ కార్యాలయానికి మేము కొందరం కలిసి ఉత్తరం రాశాం. మా అభిప్రాయం తమకు ఎంతో విలువైనదని యంత్రం తయారుచేసిన జవాబు వచ్చింది. వివరాలతో మళ్ళీ రాస్తే అదీ రాలేదు. పంపిణీదారుకు ఫోను చేస్తే రెండు మాటలు చెప్పారు. జనం రాలేదన్నారు, సినిమాలో పస లేదన్నారు. మొదటి దానికి కారణం మీ దగ్గరే ఉంది. రెండోది సగం నిజం. ఆ సగం ఏదో, తక్కిన సగం ఎవరి పద్దులో పడాలో తేల్చడానికే ఇలా నలుగురి ముందు రాస్తున్నాం.

చిత్రం పేరు రాయడం లేదు. రాస్తే ఇది ప్రచారమని పక్కన పెట్టేస్తారు. పైగా అంతకు ముందు వచ్చిన చిన్న సినిమాలకు జరిగింది ఇదే, రేపు రాబోయే వాటికి జరగబోయేదీ ఇదే. తీసినవాళ్ళలో మాకు చుట్టాలు లేరు, స్నేహితులు లేరు. టికెట్టు కొని చూశాం.

ముందు సినిమా సంగతి.

కథ వింటే కొత్తగా అనిపించదు. కదిరి ప్రాంతంలో వేరుశనగ వేసే ఒక రైతు బోరు మీద బోరు వేయించి అప్పులపాలవుతాడు. భార్యతో బెంగళూరు చేరి వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా కుదురుతాడు. ఆమె అదే భవనంలో నాలుగిళ్ళలో పని పట్టుకుంటుంది. కాలం 2024 వేసవి. ఈ నగరంలో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు నీళ్ళ ధరకు జిల్లా యంత్రాంగం పరిమితి పెట్టవలసి వచ్చిన వేసవి అది. నీళ్ళు లేక ఊరు వదిలిన మనిషికి ఇక్కడ అప్పగించిన మొదటి పని, గేటు దగ్గరికి ట్యాంకరు వచ్చినప్పుడల్లా బండి నంబరు, లీటర్లు, వేళ పుస్తకంలో రాయడం. సినిమా మొత్తం ఈ ఒక్క ఊహ మీద నిలబడింది. దాన్ని ఏ పాత్ర నోటా పలికించకుండా ఉండగలిగిన నిగ్రహం దర్శకుడిది.

బోరు వేసే ఘట్టం గురించి కాస్త చెప్పాలి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఒక పెద్దమనిషి చేనంతా తిరుగుతాడు. కాయ నిక్కి నిలబడిన చోట సున్నంతో గుర్తు పెడతారు. చీకటి పడ్డాక రిగ్గు లారీ వస్తుంది. అక్కడి నుంచి కెమెరా యంత్రాన్ని దాదాపు చూడదు. గట్టు మీద కూర్చున్న భార్య మీదే ఉంటుంది. ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా ఆమె ఒడిలోంచి ఒక వేరుశనగ కాయ తీసి పక్కన పెడుతుంది. రాడ్డు ఇరవై అడుగులు. అడుగుకు ఇంతని రేటు, లోతుకు పోయే కొద్దీ ఆ రేటూ పెరుగుతుంది. కాయల వరుస సాగుతూ ఉంటే అప్పు ఎంతయిందో హాల్లో కూర్చున్నవాళ్ళే లెక్క వేసుకుంటారు. దుమ్ము తెల్లగానే లేస్తుంది, ఎంతకీ తడి మట్టి రాదు. చివరికి ఆమె వరుసలోని మొదటి కాయ తీసుకుని, వలిచి, నోట్లో వేసుకుంటుంది. మాట లేదు, సంగీతం లేదు. కోట్లు పోసి కట్టిన సెట్టులో రెండు చరణాల విషాద గీతం పాడించినా రాని బరువు ఆ గింజ నమలడంలో ఉంది.

డబ్బు లేకపోవడమే కొన్నిచోట్ల ఈ చిత్రానికి మేలు చేసింది. మెట్ల కింద ఉన్న వాచ్‌మన్ గదిని సెట్టు వేయలేదు, నిజమైన గదిలోనే తీశారు. కెమెరా వెనక్కి జరగడానికి చోటు లేదు కాబట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. అందువల్ల గదిలో సగమే కనిపిస్తుంది, తక్కిన సగం గ్యాస్ పొయ్యి చప్పుడుగానో, దగ్గుగానో వినిపిస్తుంది. మాటలు, చప్పుళ్ళు చిత్రీకరణ వేళే రికార్డు చేశారు. సంపులోకి ట్యాంకరు నీళ్ళు పడే శబ్దం మొదట్లో మామూలుగా ఉండి, చివరికి వచ్చేసరికి భరించలేనిదిగా మారుతుంది. భార్య పాత్ర వేసినామె ముఖం ఇంతకుముందు ఏ తెర మీదా చూసిన గుర్తు లేదు. ఈ ఏడాది తెలుగులో ఇంతకన్నా నిజమైన నటన చూడబోమేమో.

ఇక లోపాలు. ఇవి కొట్టిపారేయదగినవి కావు.

రెండో సగంలో అపార్ట్‌మెంటులోని తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రవాడు వాచ్‌మన్ మీద ఒక వీడియో తీయడం మొదలుపెడతాడు. అతనికొక ప్రేమ, ఆ ప్రేమకొక పాట. దాదాపు ఇరవై నిమిషాలు కథ ఆ కుర్రవాడి బాల్కనీలో చిక్కుకుపోతుంది. నివాసుల సంఘం కార్యదర్శి కనుబొమ్మలు ఎగరేయడానికి తప్ప ఎందుకూ పనికిరాని దుష్టుడు. నిజంగా అలాంటి భవనాల్లో మనుషులు అంత తేలికగా దుష్టులు కారు. దీపావళికి బట్టలు పెట్టే చేతులే జీతంలో కోత కూడా వేస్తాయి, అసలు కథ అక్కడే ఉంది. ఇంకా విచిత్రం, ఈ బెంగళూరులో కన్నడం వినిపించదు. సూపర్‌వైజరు, ట్యాంకరు డ్రైవరు, ఎదురింటి అవ్వ అందరూ తెలుగే మాట్లాడతారు. డ్రైవరు కన్నడంలో కసురుకుని, వాచ్‌మన్ వచ్చీరాని కన్నడంలో బదులిచ్చి ఉంటే ఆ గేటు దగ్గర నిజం ఉండేది. భర్త అనంతపురం యాస చివరిదాకా నిలబెట్టాడు. భార్య మాత్రం కోపం వచ్చినప్పుడల్లా గోదావరి గట్టుకు వెళ్ళిపోతుంది.

అన్నిటికన్నా మాకు నచ్చనిది ఒక మౌనం. ఏ ఇంట్లో ఆమెకు టీ ఏ గ్లాసులో పోశారో కెమెరా చూపిస్తుంది. ఆ గ్లాసు ఎందుకు వేరో చెప్పవలసి వచ్చేసరికి పక్కకు తిరుగుతుంది. అంత దూరం వెళ్ళి కులం గుమ్మం ముందు ఆగిపోవడం సంయమనం అనిపించుకోదు, జంకు అనిపించుకుంటుంది. సినిమాకు మూడు ముగింపులున్నాయి, మొదటిదే సరైనది. డ్రోనుతో తీసిన ఆకాశ దృశ్యాలు అద్దె డబ్బులు దండగ కాకూడదని పెట్టినట్టున్నాయి. ట్రైలరు చూస్తే హత్య కథేమో అనిపిస్తుంది, అలా అనుకుని వచ్చినవాళ్ళు పెదవి విరిచి బయటికి పోవడంలో వింత లేదు.

రాత్రి దృశ్యాలు ముద్దగా ఉన్నాయని, మాటలు వినబడలేదని కూడా అప్పుడు అనుకున్నాం. తర్వాత అదే చిత్రాన్ని మరో చోట, శ్రద్ధగా నడిపే ఒక చిన్న హాలులో చూశాం. మాటలన్నీ వినబడ్డాయి. చీకట్లో మనుషులు కనబడ్డారు. అంటే మేము సినిమా ఖాతాలో వేసిన తప్పుల్లో కొన్ని మీవి. దర్శకుడి తప్పులకు దర్శకుడే జవాబుదారు, ఆయనకు విడిగా చెప్పుకుంటాం. మీ తప్పులు ఇవీ.

1. ఆట వేళ. నగరం మొత్తానికి ఈ సినిమాకు మీరు ఇచ్చినవి రెండే ఆటలు. ఒకటి వైట్‌ఫీల్డ్ వైపు ఉదయం 9.40కి, ఇంకొకటి బన్నేరుఘట్ట రోడ్డులో రాత్రి 11.05కి. ఈ కథ ఎవరిదో వాళ్ళ దినచర్య ఒకసారి చూడండి. సెక్యూరిటీ వాళ్ళది ఎక్కువచోట్ల పన్నెండు గంటల కాపలా, ఎనిమిది నుంచి ఎనిమిది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా ఊపిరి పీల్చుకోరు. బొమ్మనహళ్ళి, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల భవన నిర్మాణంలో ఉన్న కర్నూలు, అనంతపురం, చిత్తూరు జిల్లాల మేస్త్రీలు చీకటి పడితేగాని దిగరు. ఐటీ ఉద్యోగులు సరేసరి. రాత్రి పదకొండు గంటల ఆట వదిలేసరికి బస్సు ఉండదు, మెట్రో ఉండదు, ఆటోవాడు అడిగినంత ఇవ్వాలి. రాత్రి కాపలా దిగినవాడు ఉదయం ఆటకు రావచ్చు కదా అని మీ మనిషి ఒకరు అన్నారట. పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాడికి ఆ వేళ కావలసింది నిద్ర. ఆకలి లేని వేళ వడ్డించి, విస్తరి ముట్టలేదని వంటను తిట్టినట్టుంది ఈ వరస.

మేము అడిగేది: ఏ చిన్న చిత్రం విడుదలైనా మొదటి నాలుగు రోజులు సాయంత్రం 5 నుంచి 8 మధ్య మొదలయ్యే ఆట ఒక్కటైనా తూర్పున ఒక చోట, దక్షిణాన ఒక చోట ఇవ్వండి. అదే వారం అదే భవనంలో ఒక పెద్ద తెలుగు సినిమా నాలుగైదు తెరల మీద గంటగంటకూ ఆడింది. అందులోంచి ఒక్క ఆట తగ్గితే దానికి లోటు రాదు.

2. బుకింగు. పెద్ద సినిమాకు వారం ముందు నుంచే టికెట్లు తెరుస్తారు. దీనికి గురువారం రాత్రి తెరిచారు. శుక్రవారం ఉదయం చూసి, ముందస్తు బుకింగు లేదని శనివారం ఆటల్లో కోత వేశారు. అమ్మకానికే పెట్టని సరుకు అమ్ముడుపోలేదనడం ఏ వ్యాపార శాస్త్రమో మాకు తెలియదు. ఆదివారం ఆట మొదలవడానికి రెండు గంటల ముందు రద్దయిందని ఫోనుకు సందేశం వచ్చింది. డబ్బు వెనక్కి ఇచ్చారు, నిజమే. హోస్కోటె నుంచి ఇద్దరు పిల్లలతో రెండు బస్సులు మారి అప్పటికే మాల్ గేటు దగ్గర ఉన్న కుటుంబానికి ఆ పూట ఎవరు వెనక్కి ఇస్తారు? పనిచేసే ఇంట్లో సెలవు అడిగి మరీ వచ్చిన ఇల్లాలు ఆమె. మళ్ళీ వారం అడిగితే ఇవ్వరు. టికెట్లు కనీసం మూడు రోజుల ముందు తెరవాలి. ఒక్క టికెట్టు అమ్మినా ఆట వేయాలి. హాలు మరీ ఖాళీ అయితే అదే భవనంలోని చిన్న తెరకు మార్చండి, రద్దు చేయకండి.

3. శబ్దం, వెలుగు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాం, ఎందుకంటే ఎవరూ మాట్లాడని విషయం ఇది. సినిమా శబ్దాన్ని కలిపేటప్పుడు స్టూడియోలో ఒక కొలత పెట్టుకుంటారు. హాలులోని సౌండు ప్రాసెసరు మీద ఫేడరు, అంటే శబ్దాన్ని పెంచే తగ్గించే మీట, 7 దగ్గర ఉంటే స్టూడియోలో ఉన్నంత శబ్దమే హాలులోనూ వస్తుంది. భారీ సినిమాల హోరుకు జనం చెవులు మూసుకుంటున్నారని చాలా హాళ్ళలో దాన్ని 5కో, ఇంకా కిందికో దించి ఉంచుతారు. మేము చూసిన హాలులో 5 దగ్గర ఉందని ప్రొజెక్షన్ చూసే కుర్రవాడే చెప్పాడు. అతని తప్పు కాదు, పైవాళ్ళు అలా ఉంచమన్నారు, అతను ఉంచాడు. ఫేడరు ఒక అంకె దిగితే సుమారు 3.3 డెసిబెళ్ళు తగ్గుతాయి. రెండు అంకెలు దించితే శబ్ద పీడనం సగానికి పైగా పడిపోతుంది. పేలుళ్ళతో నిండిన సినిమాకు అదేం లోటు కాదు. గుసగుసల మీద నడిచే సినిమాకు అది ప్రాణం తీసినట్టే. భార్యాభర్తలు మెట్ల కింద గదిలో పైవాళ్ళకు వినబడకుండా మాట్లాడుకునే ఘట్టంలో మాకూ వినబడలేదు. ఏసీ మోత మాత్రం స్పష్టంగా వినబడింది. మా వెనక వరుసలోని వయసు మళ్ళిన దంపతులు, పిల్లల దగ్గరికి అనంతపురం నుంచి వచ్చినవాళ్ళట, ప్రతి మాటకూ ఏమన్నాడని ఒకరినొకరు అడుక్కుని, విశ్రాంతి తర్వాత లోపలికి రాలేదు.

వెలుగు సంగతీ అంతే. తెర వెలుగును ఫుట్‌లాంబర్టుల్లో కొలుస్తారు. డిజిటల్ ప్రదర్శనకు అది 14 ఉండాలని ప్రమాణం. ప్రొజెక్టరులోని దీపం పాతబడితే వెలుగు సన్నగిల్లుతుంది. పట్టపగటి పాటల్లో తేడా కనబడదు గానీ, ఒక్క వీధి దీపం కింద తీసిన దృశ్యంలో మనిషి మాయమైపోతాడు. ముద్దగా ఉందని మేము అనుకున్న రాత్రి దృశ్యాల్లో కొంత గరుకుదనం కెమెరాదే, అది రెండోసారి చూసినప్పుడూ ఉంది. తక్కినదంతా మీ దీపానిది.

ప్రతి చిత్రానికీ మొదటి ఆటకు ముందు దర్శకుడి మనిషికి, లేదా పంపిణీదారు మనిషికి పది నిమిషాలు హాలు ఇచ్చి, శబ్దం ఏ అంకె మీద ఉండాలో రాయించుకోండి. ఆ చిత్రం ఆడినంతకాలం ఆ కాగితం ప్రొజెక్షన్ గదిలో ఉండాలి. తెర వెలుగును చివరిసారి ఎప్పుడు కొలిచారో, ఎంత వచ్చిందో హాలు బయట రాసిపెట్టండి. లిఫ్టు తనిఖీ తేదీ రాసి అంటిస్తున్నారు కదా, దీన్నీ అలాగే.

4. ఉపశీర్షికలు. నిర్మాతలు ఇంగ్లీషు ఉపశీర్షికలున్న ప్రతిని కూడా పంపారు. ప్యాకేజీలో రెండు రూపాలుంటే మీవాళ్ళు అవి లేనిది ఎక్కించారు. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళ పక్క కుర్చీలో తరచు తెలుగు రాని మనిషి ఉంటాడు. కన్నడ భార్య, తమిళ భర్త, ఒడియా గదిమిత్రుడు. వాళ్ళూ టికెట్టు కొన్నారు. ఉపశీర్షికలున్న ప్రతి వస్తే అదే వేయాలి, బుకింగు పేజీలో ఆ మాట కనబడాలి. దీనికి మీకు పైసా ఖర్చు లేదు.

5. విశ్రాంతి, ప్రకటనలు. సినిమాలో భార్య, ఊళ్ళో ఉన్న అత్తతో ఆవును అమ్మే సంగతి ఫోనులో మాట్లాడుతూ, ఎంతకని అడిగింది. జవాబు రాకముందే విశ్రాంతి ఇచ్చేశారు, తెర మీద పాప్‌కార్న్ ప్రకటన పడింది. చిత్రంలో విశ్రాంతి ఎక్కడో గుర్తు లేకపోతే నిడివిని సగానికి విరిచి ఆపేస్తారన్నమాట. ఆపవలసిన చోటు దర్శకుడిని అడిగి తెలుసుకోవచ్చు. ఆట ఆలస్యం గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. 25 నిమిషాలు ప్రకటనలు వేసినందుకు 2025 ఫిబ్రవరిలో ఇదే నగరంలో వినియోగదారుల కమిషన్ ఒక మల్టీప్లెక్సుకు వ్యతిరేకంగా ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని హైకోర్టు నిలిపివేసిందనీ తెలుసు. కోర్టు సంగతి కోర్టుది. రాత్రి ఆటకు ముందు వేసే ఇరవై నిమిషాల ప్రకటనలు ప్రేక్షకుడి నిద్రలోంచి తీసినవి.

6. టికెట్టు ధర. 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పన్నులు కాక 200 రూపాయల పరిమితి పెట్టింది, అదే నెలలో హైకోర్టు దాన్ని ఆపింది. ఆ వ్యాజ్యంలోకి మేము పోము. మా మాట వేరు. అదే సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయలకు మించని టికెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 100 దాటితే 18 శాతం యథాతథం. మీరు ఉదయం ఆటకు 100 రూపాయలు పెడితే ప్రేక్షకుడికి మూల ధరలోనూ తగ్గుతుంది, పన్నులోనూ తగ్గుతుంది. ఇళ్ళలో పనిచేసే మనిషి భర్తతో, ఇద్దరు పిల్లలతో సినిమాకు వస్తే టికెట్లు, దారి ఖర్చు, పిల్లలు అడిగే పాప్‌కార్న్ కలిపి ఆమె ఒక ఇంట్లో నెలంతా అంట్లు తోమిన జీతంలో ఎంత భాగమో మీరే లెక్క వేయండి. ఖాళీ కుర్చీ మీద ఎలాగూ ఏమీ రాదు. చిన్న చిత్రాలకు సోమవారం నుంచి గురువారం దాకా, శని, ఆదివారాల ఉదయం ఆటలకు ఈ ధర పెట్టి చూడండి. ఆన్‌లైను రుసుము కట్టలేనివాళ్ళకు కౌంటరు కూడా తెరిచి ఉంచండి. మేము వెళ్ళిన రోజు కౌంటరులో మనిషి లేడు, ఫోనులో కొనుక్కోమని రాసిన ఒక బోర్డు మాత్రం ఉంది.

7. రెండో వారం వాటా. ఇది పంపిణీదారులతో, మీతో కలిపి చెప్పవలసిన మాట. 2009లో హిందీ నిర్మాతలకూ మల్టీప్లెక్సులకూ మధ్య సమ్మె తెగినప్పుడు కుదిరిన లెక్కలో టికెట్ల వసూళ్ళలో నిర్మాత వైపు వాటా మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ తర్వాత 30. తర్వాతి ఒప్పందాల్లో అంకెలు అటూ ఇటూ అయినా, వారాలు గడిచే కొద్దీ నిర్మాత వాటా తరిగే పద్ధతి పోలేదు. తొలి మూడు రోజుల్లోనే పిండుకునే పెద్ద సినిమాకు ఇది బాధ కాదు. నోటి మాట మీద నడిచే చిన్న సినిమాకు జనం వచ్చేదే రెండో వారంలో. సరిగ్గా అప్పుడే దాని వాటా తగ్గిపోతుంది. దీనికి తోడు డిజిటల్ ప్రొజెక్షన్ సంస్థలకు నిర్మాత వైపు నుంచి కట్టే డిజిటల్ ప్రదర్శన రుసుము. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు సినిమాలు ఆపి మరీ పోరాడింది దాని మీదే. హాలు నిండినా నిండకపోయినా అది కట్టవలసిందే. నాలుగు రోజుల్లో సినిమా దిగిపోతే నష్టం అక్కడితో ఆగదు. థియేటరులో ఎన్నాళ్ళు ఆడిందో చూసి ఓటీటీ సంస్థలు ధర కడుతున్నాయి, లేదా అసలు కొనడం లేదు. ఆ సొమ్ము కోసం చూస్తున్నవాళ్ళు సౌండు అసిస్టెంట్లు, లైటుబాయిలు, భోజనాలు అప్పు పెట్టిన మెస్సు యజమాని. చిన్న చిత్రాలకు రెండో వారం కూడా మొదటి వారం వాటానే ఇవ్వండి. పంపిణీదారులు ఒప్పందంలో ఈ షరతు అడగండి. ఇంతవరకు ఒకరైనా అడిగారా అన్నది మా అనుమానం.

ఒక అపోహకు తావివ్వకుండా ఇంకో మాట. మేము అడుగుతున్న ఆట కన్నడ చిత్రాల నుంచి లాక్కునేది కాకూడదు. ఇక్కడ కన్నడ చిన్న సినిమా పడుతున్న పాట్లు మాకన్నా తక్కువేమీ కాదు. సొంత ఊళ్ళోనే దానికీ ఉదయం ఆటే గతి. ఈ కోరికలన్నీ ఏ భాష చిన్న చిత్రానికైనా వర్తించేవే. ఈ నగరానికి, తెలుగుకు, తక్కువ డబ్బుతో తీసిన సినిమాకు ఉన్న చుట్టరికం పాతది కూడా. 1970లో 'సంస్కార' అనే కన్నడ చిత్రం తీసిన తిక్కవరపు పట్టాభిరామరెడ్డి నెల్లూరు నుంచి వచ్చిన తెలుగు కవి. గిరీష్ కర్నాడ్, లంకేశ్ వంటి రచయితలే అందులో నటులు. సెన్సారు మొదట దానికి అడ్డం పడింది. బయటికి వచ్చాక ఆ ఏటి జాతీయ ఉత్తమ చిత్రం అయింది. మేము చూసిన సినిమా ఆ స్థాయిది అనడం లేదు, కానే కాదు. ఏది ఆ స్థాయిదో తేలాలంటే మాత్రం ముందు జనం కళ్ళబడాలి.

ప్రభుత్వమే చిన్న సినిమాకు నీడనిచ్చిన చోట్లు దేశంలో లేకపోలేదు. కలకత్తాలో నందన్ అనే ప్రభుత్వ సినిమా కేంద్రం 1985 నుంచి ఉంది. కేరళ ప్రభుత్వం థియేటర్లు నడుపుతూనే 2024 మార్చిలో సొంత ఓటీటీ కూడా పెట్టింది. కర్ణాటక ప్రభుత్వానికీ, రెండు తెలుగు రాష్ట్రాల చలనచిత్ర అభివృద్ధి సంస్థలకూ ఈ లేఖ ప్రతి పంపుతున్నాం. వాళ్ళు పలికేదాకా ఆగవలసిన అవసరం మీకు లేదు. పైన అడిగిన వాటిలో ఒక్కదానికి కూడా చట్టం మారనక్కర్లేదు. 3, 4, 5 అంశాలకైతే ఒక్క అంతర్గత ఉత్తర్వు చాలు.

సినిమా తీసినవాళ్ళకు ఇక్కడే ఒక ముక్క. ట్రైలరులో హత్య కథ చూపించి, హాలులో కరువు కథ చూపించకండి. మీ సినిమా ఎవరి గురించో వాళ్ళకు అది వచ్చిందన్న కబురే అందలేదు. పోస్టర్లు మాల్ లోపల అంటించారు. అవి ఉండవలసింది కె.ఆర్.పురం బస్‌స్టాండులో, కదిరి బస్సులు ఆగే చోట.

యాజమాన్యాల వారు ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఏడు అంశాల్లో దేన్ని ఒప్పుకుంటారో, దేన్ని ఒప్పుకోరో, ఏది అసలు మీ చేతిలో లేనిదో విడివిడిగా రాయండి. కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పండి. కూర్చుని మాట్లాడదామంటే వస్తాం, మాతో పాటు ఇద్దరు సెక్యూరిటీ ఉద్యోగులు, ఇళ్ళలో పనిచేసే ఒకామె కూడా వస్తారు. వాళ్ళకు వీలయ్యేది ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య. సమావేశం ఆ వేళకే పెట్టండి.

ఇట్లు,
బెంగళూరులోని కొందరు తెలుగు ప్రేక్షకులు